బట్ నంబర్ నూట పదిహేడు

దసరా నాడు తుపాకులకు బొట్టు పెట్టే ఆచారం మా బెటాలియన్‌లో ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. మర్నాడు ఆ బొట్లు తుడిచే పని ఎవరిదో మాత్రం అందరికీ తెలుసు. అది నాది. కుంకుమ నూనెలో కలిసి ట్రిగ్గర్ సందులోకి దిగిందంటే పాత టూత్‌బ్రష్ పట్టుకుని గంటసేపు గీకాలి. ముందురోజు చేతులు జోడించి ఫొటోలు దిగిన భక్తులెవరూ ఆ గంటలో కంటికి కనబడరు.

నా పేరు రాంప్రసాద్. హెడ్ కానిస్టేబుల్‌ని. వరంగల్ పొలిమేరలో ఉన్న ఈ సాయుధ బెటాలియన్‌లో ఆయుధాల గది తాళాలు పదహారేళ్లుగా నా నడుముకే వేలాడుతున్నాయి. రెండొందల పదహారు తుపాకులు. ఒక్కోదానికి రెండు నంబర్లు. మొదటిది ఫ్యాక్టరీ వాళ్లు ఇనుము మీద చెక్కింది, ఎంత తోమినా చెరగదు. రెండోది మేము మడమ చెక్క మీద తెల్ల రంగుతో రాసుకునేది. దాన్ని బట్ నంబర్ అంటాం. కానిస్టేబుళ్లకు ఈ రెండోదే గుర్తుంటుంది. పొద్దున కిటికీ దగ్గరికొచ్చి నంబర్ చెబుతారు, సంతకం పెడతారు, తీసుకుపోతారు, డ్యూటీ దిగాక తెచ్చి అప్పజెబుతారు.

ఇచ్చేటప్పుడు ప్రతివాడితో ఒక మాట అనడం నాకు అలవాటు. "నువ్వు రాకున్నా మంచిదే, నా తుపాకి రావాలె." వాళ్లు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాడిని. కానీ అది ఉత్త వేళాకోళం కాదని వాళ్లకూ తెలుసు. ఒక స్క్రూ తక్కువైందని ఒక ప్లాటూన్ మొత్తాన్ని మధ్యాహ్నం ఎండలో గ్రౌండంతా వెతికించిన మనిషిని నేను. నా కోపం సంగతి కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజే చెబుతారట.

ఏడేళ్ల కింద మేడారం అవతల వాగు పొంగినప్పుడు మా వాళ్లు ఇరవై మంది అటు డ్యూటీకి వెళ్లారు. అడవి ప్రాంతం కాబట్టి తుపాకులు వెంటే ఉన్నాయి. తాడు పట్టుకుని వాగు దాటుతుంటే ఎల్లస్వామి అనే కానిస్టేబుల్ కాలు జారింది. ఇరవై ఆరేళ్లవాడు. పాలంపేట చెరువులో ఈత నేర్చుకున్నవాడు. మూడో రోజు దొరికాడు. తుపాకి బెల్టు మెడ మీదుగా భుజానికి వేసుకున్నది వేసుకున్నట్టే ఉంది. "బెల్టు తీసెయ్‌రా అని ఒర్రిన సార్, ఇనలే," అన్నాడు పక్కన తాడు పట్టుకున్నవాడు. నూట పదిహేడు నంబర్ తుపాకి భద్రంగా తిరిగి వచ్చింది. రిజిస్టర్‌లో 'అందినది' అని నేనే రాశాను. ఆ రాత నా చేతిరాతలా లేదు.

ఆ ఏడాది దసరాకు, వరుసగా పేర్చిన తుపాకుల చివర ఎల్లస్వామి ఫొటో పెట్టి, దాని ముందు నూట పదిహేడును పడుకోబెట్టాం. వాళ్ల అమ్మ సమ్మమ్మ వచ్చింది. నాట్లకూ కలుపులకూ పోయి బతికే మనిషి. పసుపు కుంకుమల పొట్లం, బంతిపూలు కొంగున కట్టుకుని, బస్సు దిగి నడిచి వచ్చింది. తుపాకికి బొట్టు పెట్టి, కళ్లు మూసుకుని పెదవులు కదుపుతూ చాలాసేపు కూర్చుంది. తర్వాత ఏటా వచ్చింది. చదువు రాదు కానీ అంకెలు తెలుసు. మడమ మీద ఒకటి, ఒకటి, ఏడు చూసుకున్నాకే పొట్లం విప్పేది.

నీళ్లలో నానిన తుపాకి ఎన్నాళ్లు పనిచేస్తుంది? గొట్టం లోపల తుప్పు తిని గుంటలు పడ్డాయి. నాలుగేళ్ల కింద పనికిరానివాటి జాబితాలో చేర్చి హైదరాబాద్ డిపోకు పంపారు. అక్కడ కోసి కరిగించేశారు. రిజిస్టర్‌లో నూట పదిహేడు మీద ఎర్రగీత పడింది.

ఆ దసరాకు సమ్మమ్మ వస్తుందని తెలుసు. ఆమెకు నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు. వరుసలోంచి ఒక తుపాకి తీసి, దాని అసలు నంబర్ మీద బూటు పాలిష్ పట్టించి, తెల్ల రంగుతో ఒకటి ఒకటి ఏడు వేశాను. మర్నాడు కిరోసిన్ గుడ్డతో తుడిచేశాను. స్క్రూ కోసం ప్లాటూన్‌ను ఎండలో నిలబెట్టినవాడు చేసిన పని ఇది. అలా నాలుగు దసరాలు గడిచాయి. ఇది ఐదోది.

ఈసారి రెండొందల నాలుగు నంబర్ తుపాకి తీసుకున్నాను. అది భానుచందర్‌ది. పెళ్లయి ఎనిమిది నెలలు. భార్యను తీసుకుని అత్తగారింటికి పోయి, పండగ పొద్దున్నే తిరిగొచ్చాడు. తుపాకి ఎటూ ఖాళీగా ఉంది కదా అనుకున్నాను.

తొమ్మిదింటికి జీపు వచ్చి ఆగింది. దిగింది రాజేశ్వర్ రావు సార్. అసిస్టెంట్ కమాండెంట్. వచ్చి నెలన్నర కూడా కాలేదు. ఆయన చేతిలో కాగితాల కట్ట ఉంది.

"అన్నీ బయటనే ఉన్నయి గదా రాంప్రసాద్. ఇంతకన్న మంచి టైం దొరకదు. కంప్యూటర్‌లో ఎక్కించే ముందు ఒక్కసారి లిస్టుతోని చూసుకుందాం," అన్నారు.

"పూజ అయినంక చూద్దాం సార్. పూజ చేసే అయ్యగారు కూడ వచ్చిండు."

"పూజకు ముందే. కుంకుమ పడితే నంబర్లు కనబడవు."

మాట సబబే. అందుకే నాకు ఒళ్లు మండింది. సమ్మమ్మ వచ్చేది పదింటికి. ఈలోగా ఈయన్ను పంపించేస్తే చాలనుకున్నాను. ఫొటో దగ్గరికి పోయి ఆ తుపాకిని లోపలికి తీసుకుపోవాలని రెండుసార్లు అడుగు వేశాను. రెండుసార్లూ "నువ్వు నా పక్కనే ఉండు" అన్నారు. అరవై మంది యూనిఫారంలో నిలబడి చూస్తున్నారు.

ఆయన వరుస వెంట నడుస్తూ మడమల మీది నంబర్లు చదువుతూ లిస్టులో టిక్కు పెడుతున్నారు. నేను వెనక నడుస్తున్నాను. రెండొందల రెండు. రెండొందల మూడు. రెండొందల ఐదు. ఆయన ఆగి, వెనక్కి ఒక అడుగు వేసి, మళ్లీ చూశారు.

"రెండొందల నాలుగేది?"

ఆయన వరుస చివరిదాకా వెళ్లారు. ఫొటో ముందు వంగారు.

"నూట పదిహేడు. ఇది లిస్టులనే లేదు. రిజిస్టర్ తే."

తెచ్చాను. మా రిజిస్టర్‌కు ఒక నియమం ఉంది. అందులో కొట్టివేత ఉన్నా, దిద్దుబాటు ఉన్నా, ఆఖరికి సిరా మచ్చ పడ్డా పక్కన ఆఫీసర్ పొట్టి సంతకం ఉండాలి. లేకపోతే ఆ పేజీ చెల్లదు. నూట పదిహేడు మీద ఎర్రగీత, పక్కన అప్పటి ఆఫీసర్ పొట్టి సంతకం శుభ్రంగా ఉన్నాయి. ఆయన అది చదివి మోకాళ్ల మీద కూర్చున్నారు. తుపాకి తిప్పి ఇనుము మీది నంబర్ చూశారు. లిస్టుతో సరిచూశారు. బొటనవేలితో మడమను గట్టిగా రుద్దారు. వేలికి గోధుమరంగు పాలిష్ అంటింది.

"ఇది రెండొందల నాలుగే," అన్నారు మెల్లగా. లేచి నిలబడ్డారు. "కరిగించిన తుపాకి నంబర్ మంచి తుపాకి మీద వేసిన్రు. ఎల్లుండి స్క్రాప్ లారీ వస్తాంది. పదకొండు పాతవి పోతాయి. వాటి కింద ఇది కూడ దొంగతనంగ బయటికి పోతే అడిగేటోడెవడు? గేటు మూయండి."

గేటు మూసుకున్న చప్పుడు వినబడింది. సార్ అనుమానంలో తప్పేమీ లేదు. ఆయన చోట నేనున్నా అదే అనుకునేవాడిని. ఇంకా గట్టిగా అరిచేవాడిని.

"రెండొందల నాలుగు ఎవరిది?"

"నాది సార్." భానుచందర్ ముందుకొచ్చాడు.

"సార్, ఒక్క నిమిషం లోపల మాట్లాడుదాం," అన్నాను.

"లోపల ఏమున్నది రాంప్రసాద్? ఏదున్నా అందరి ముందట చెప్పు."

చెప్పేవాడినే. నోరు తెరిచాను కూడా. అప్పుడే గేటు చిన్న తలుపులోంచి సమ్మమ్మ లోపలికి వచ్చింది. సెంట్రీకి ఏటా చూసే ముసలమ్మే కదా, ఆపలేదు. ఎప్పటి నీలం చీరే. కొంగున ముడి. నన్ను చూసి తల ఊపింది. ఆఫీసర్ ఎవరో గట్టిగా మాట్లాడుతున్నాడని గ్రహించి, చెప్పులు విడిచి, ఫొటోకు నాలుగు అడుగుల దూరంలో గోడ పక్కన నిలబడింది.

ఇప్పుడు నిజం చెబితే ఆమె వింటుంది. కొడుకు చివరిదాకా వదలని తుపాకిని ముక్కలు చేసి కరిగించారని, నాలుగేళ్లుగా తాను మొక్కింది ఇంకెవడిదో తుపాకికని వింటుంది. చెప్పకపోతే భానుచందర్ గతి ఏమవుతుందో నా కళ్లముందే కనబడుతోంది.

"నంబర్ ఎవడు మార్చిండు?" సార్ భానుచందర్ మొహంలోకి చూశారు.

"నాకు ఎరుక లేదు సార్. నేను లీవ్‌ల ఉన్న. పొద్దున్నే వచ్చిన."

"లీవ్‌కు పోయేటప్పుడు సరెండర్ చేసినవా?"

"చేసిన సార్. రాంప్రసాద్ అన్నకే ఇచ్చిన. సంతకం గూడ ఉన్నది. అన్నా, చెప్పన్నా!"

అందరూ నా వైపు చూశారు. నేను సమ్మమ్మ వైపు చూశాను. ఆమె కొంగు ముడి విప్పుకుంటోంది. పొట్లం బయటికి తీసింది.

"ఇచ్చిండు సార్," అన్నాను.

"ఇచ్చినంక మారిందా, ఇయ్యకముందే మారిందా?"

నేను నీళ్లు నమిలాను. ఆ రెండు క్షణాలు సార్‌కు చాలు. భానుచందర్ వైపు తిరిగారు. "నీ తుపాకి, నీ బాధ్యత. తేలేదాక నువ్వు సస్పెన్షన్‌ల ఉంటవ్. టోపీ తీయ్. బెల్టు తీయ్."

పోలీసువాడి బెల్టు అందరి ముందు తీయించడమంటే ఏమిటో బయటివాళ్లకు తెలియదు. వాడు టోపీ తీశాడు. చేయి బెల్టు మీదికి పోయింది. వేళ్లు బకిల్ మీద రెండుసార్లు జారాయి. వాడి కళ్లు నా మీదే ఉన్నాయి. నడుము మీద ఆ చేయిని చూస్తుంటే నాకు ఇంకో బెల్టు గుర్తొచ్చింది. మెడ మీదుగా భుజానికి వేసుకున్నది. ఎవరూ తీయనిది.

"ఆగుర భానూ!" అని అరిచాను. "సార్, నంబర్ మార్చింది నేను."

గదిలోకి పోయి కిరోసిన్ గుడ్డ తెచ్చాను. అందరూ చూస్తుండగా నేల మీద కూర్చుని ఆ మడమను తుడిచాను. ఏడు పోయింది. ఒకటి పోయింది. ఇంకో ఒకటి కూడా పోయింది. పాలిష్ కిందనుంచి రెండొందల నాలుగు బయటపడింది. తల ఎత్తకుండానే చెప్పాను. ఎల్లస్వామి తుపాకి నాలుగేళ్ల కిందే పోయిందని, వాళ్లమ్మ ఏటా వస్తుందని, ఆమె కోసమే రంగు వేశానని, స్క్రాప్ లారీకీ దీనికీ సంబంధం లేదని, పిల్లవాడికి ఏ పాపమూ తెలియదని. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

భానుచందర్ బకిల్ మళ్లీ బిగించుకున్నాడు. సమ్మమ్మ నడిచి వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అయితే అది లేదా తమ్మీ?"

"లేదక్కా. మాఫ్ చెయ్యి."

"యాడనన్న దాసిపెట్టిన్రా?"

"లేదు. కోసి కరగబోసిండ్రు."

"మొత్తం?"

"మొత్తం."

"మల్ల ఎవ్వలకియ్యరు గద?"

"ఎట్లిస్తరక్కా? అది లేనే లేదాయె."

ఆమె ఊపిరి గట్టిగా వదిలింది. చేతిలోని పొట్లాన్ని ఒళ్లో పెట్టుకుంది. "నాలుగేండ్లాయె అంటివి. ముందుగాలనే ఎందుకు చెప్పలే?"

"నీ మనసు కష్టపడుతదని."

"నా మనసుకేమైతది?" ఆమె గొంతు పెరిగింది. మొదటిసారి ఆమె కోపం చూశాను. "నేను దాని మీద పావురంతోని, ప్రేమతోని వత్తాన్ననుకున్నవా? దాన్ని చూస్తె నాకు కాళ్లు వణుకుతయ్. నా కొడుకును గుంజుకపోయింది అది. ఇప్పుడు ఏ తల్లికన్న కొడుకు భుజాన వేసుకున్నడో, వాన్ని గూడ ఏ వాగులకు గుంజుతదో అని నాకు ఒకటే బుగులు. అందుకే బొట్టు పెట్టి మొక్కుతాన్న. ఒక్కన్ని తీసుకున్నవు, చాలు, శాంతించు, ఇంకెవ్వన్ని ముట్టకు అని మొక్కుతాన్న. నాలుగేండ్ల సంది లేనిదానికి భయపడుకుంట తిరిగితి గదనయ్యా!"

నేను ఆమె బాధ నుంచి ఆమెను కాపాడుతున్నాననుకున్నాను. నాలుగేళ్లు ఆమె భయాన్ని నేనే బతికించి ఉంచాను. తుపాకి కరిగిపోయిన రోజే ఒక కబురు పంపి ఉంటే ఆమెకు నిద్ర పట్టేది.

"మా ఎల్లస్వామి చెప్తుండె," అంది కొంచెం తగ్గి. "తుపాకులిచ్చే సారు మస్తు స్ట్రిక్టమ్మా, మనిషి రాకున్నా మంచిదే గని తుపాకి రావాలె అంటడు అని. నవ్వుకుంట చెప్తుండె."

"ఆ మాట అన్నది నేనే అక్కా."

"ఎరికే," అంది.

అంతే. తిట్టలేదు, ఓదార్చలేదు. ఆ రెండూ కాని చోట నన్ను వదిలేసి, ఆమె సార్ వైపు తలెత్తింది. "అది పోయిందని యాడ రాసిన్రు బిడ్డా? నాకు జర సూపియ్యి."

రాజేశ్వర్ రావు సార్ రిజిస్టర్ ఆమె ముందు నేల మీద పెట్టి, తానూ ఒక మోకాలి మీద కూర్చుని, పేజీ తిప్పి వేలితో చూపించారు. ఆమె దగ్గరికి వంగి చూసింది. ఒకటి. ఒకటి. ఏడు. దాని మీద ఎర్రగీత.

"గీత కొట్టినంక మల్ల రాదు గద?"

"రాదమ్మా. ఆ నంబర్ ఇంకోదానికి గూడ పెట్టం."

ఆమె పొట్లం విప్పి కుడి బొటనవేలిని కుంకుమలో అద్దింది. ఏం చేయబోతోందో నాకు అర్థమైంది. పదహారేళ్ల అలవాటు కొద్దీ "పేజీ మీద కాదక్కా" అనే మాట గొంతు దాకా వచ్చింది. మింగేశాను. ఆమె ఆ ఎర్రగీత చివర బొటనవేలు గట్టిగా అదిమింది. బ్యాంకులో, రేషన్ షాపులో పెట్టినట్టే, వేలు అటూ ఇటూ దొర్లించి మరీ పెట్టింది. పేజీ మీద ఎర్రటి వేలిముద్ర మిగిలింది.

"సాక్షి," అంది.

సార్ ఆ మచ్చను చూశారు. రిజిస్టర్ మచ్చపడితే ఎవరి మీద మెమో వస్తుందో ఆయనకూ తెలుసు. జేబులోంచి పెన్ను తీశారు. వేలిముద్ర పక్కన పొట్టి సంతకం పెట్టి, కింద తారీఖు వేశారు.

సమ్మమ్మ మిగిలిన కుంకుమ తీసి భానుచందర్ నుదుట పెట్టింది. తుపాకుల వైపు చూడలేదు. ఫొటో ముందు బంతిపూలు పెట్టి, చెప్పులు వేసుకుని గేటు వైపు నడిచింది. బస్టాండ్ దాకా దింపిరమ్మని సార్ జీపు పంపించారు. ఇక వచ్చే దసరాకు ఆమె రాదని నాకు తెలుసు. రావలసిన అవసరం లేదు.

జీపు పోయాక సార్ నా వైపు తిరిగారు. "పూజ కానియ్యి. మూడు రోజుల్లో సంజాయిషీ రాసియ్యి. సోమవారం నుంచి గది చార్జ్ వేరేటోల్లకు అప్పజెప్పు."

"సార్," అని సెల్యూట్ చేశాను. అన్యాయం అనిపించలేదు.

మర్నాడు పొద్దున టూత్‌బ్రష్‌తో కుంకుమ గీకుతుంటే భానుచందర్ కిటికీ దగ్గరికి వచ్చాడు. మొహం ముడుచుకునే ఉన్నాడు. "బెల్టు మీద చెయ్యి పడేదాక చూసినవు గద అన్నా," అన్నాడు. నేను బ్రష్ కింద పెట్టాను. తర్వాత వాడు, "రెండొందల నాలుగు," అన్నాడు.

తుపాకి తీసి కిటికీలోంచి అందించాను. పాత మాట అలవాటుగా నాలుక చివరికి వచ్చింది. వాడు తుపాకి బెల్టు మెడలో వేసుకోబోతుంటే ఆపి, ఒక భుజానికే తగిలించాను.

"నీళ్లల్ల పడ్డవనుకో, ముందుగాల దీన్ని ఇడిశిపెట్టు. నువ్వు రావాలె."

వాడు నా మొహంలోకి చూశాడు. "గిది రూల్స్ బుక్కుల ఉన్నదా అన్నా?"

"లేదు," అన్నాను. "సంతకం పెట్టు."